3.5 సీసీ రేసింగ్ ఇంజన్‌లో బేరింగులకు నూనె సరిగా అందాలంటే

మీ ప్రశ్నను ముందుగా నాకు అర్థమైన మేరకు చెబుతాను. మీరు రిమోట్‌తో నడిచే ఎనిమిదో వంతు స్కేలు మోడల్ కారులో 3.5 సీసీ గ్లో ఇంజన్, అంటే స్పార్కుకు బదులు కాగిన ప్లగ్ తీగతో మిథనాల్ ఇంధనాన్ని మండించే ఇంజన్, నడుపుతున్నారు. ఒకే సీజనులో వెనుక బేరింగును రెండుసార్లు మార్చవలసి వచ్చింది, ఇప్పుడు కనెక్టింగ్ రాడ్ కింది చివర, అంటే బిగ్ ఎండ్, కూడా లూజైంది. ఇంధనంలో నూనెను 10 శాతం నుంచి 18 శాతానికి పెంచమని ఒకరు, సిరామిక్ బేరింగు వేయమని ఒకరు, బేరింగులో గ్రీజు నింపమని మరొకరు చెప్పారు. వీటిలో ఏది చేస్తే బేరింగులు నిలుస్తాయని మీరు అడిగారు.

ఈ మూడు సలహాలూ ఇంజన్‌లోని బేరింగులన్నీ ఒకే కారణంతో పాడవుతున్నాయని అనుకుని ఇచ్చినవి. వాస్తవంలో వాటి పరిస్థితులు పూర్తిగా వేరు. బిగ్ ఎండ్ బుష్‌కు, అంటే రాడ్ కింది రంధ్రంలోని కంచు గొట్టానికి, నూనె నిజంగానే కరువు, అదీ కొన్ని క్షణాల్లో మాత్రమే. ముందు బేరింగుకు నూనె చేరుతుంది గానీ అక్కడి నుంచి కదిలిపోయే దారి చాలా ఇంజన్లలో ఉండదు. వెనుక బేరింగు నూనె తుంపరలోనే తిరుగుతూ ఉంటుంది, అది పోయేది ఎక్కువగా తుప్పు వల్ల, బిగింపులో లోపం వల్ల, దుమ్ము వల్ల. అందుకే నేను ముందుగా నూనె వెళ్లే దారినీ క్లియరెన్సులనూ చూస్తాను, నూనె శాతాన్ని అన్నిటికన్నా చివర ముట్టుకుంటాను.

లెక్క చూడండి. 125 సీసీల ట్యాంకు సుమారు తొమ్మిది నిమిషాలు వస్తుందనుకుంటే నిమిషానికి 14 సీసీల ఇంధనం ఖర్చవుతుంది. అందులో 10 శాతం నూనె అంటే నిమిషానికి 1.4 సీసీలు. ఇంజన్ సగటున 30,000 ఆర్‌పీఎంతో తిరుగుతుంటే ఒక్కో చుట్టుకు దక్కేది ఒక సీసీలో దాదాపు ఇరవై వేల వంతు నూనె. వినడానికి ఇది చాలా తక్కువగా అనిపించవచ్చు, కానీ బాల్ బేరింగుకు కావలసింది గోళీకీ, అది దొర్లే ఉక్కు వలయమైన రేసుకూ మధ్య మైక్రాను కన్నా పలచని పొర మాత్రమే. యంత్రాల్లోని హైస్పీడ్ స్పిండిళ్లకు గాలిలో కలిపి చుక్కలు చుక్కలుగా నూనె అందించేది కూడా అందుకే, అంతకు మించి పోస్తే బేరింగు ఆ నూనెను చిలికి వేడెక్కుతుంది. కనుక వెనుక బేరింగుకు 18 శాతం నూనె వల్ల కొత్తగా దక్కేది దాదాపు ఏమీ లేదు. పైగా అంత నూనెతో ప్లగ్ తడుస్తుంది, నీడిల్ (ఇంధనం పాళ్లను నియంత్రించే సూది స్క్రూ) సెట్టింగు మారుతుంది, వేగం తగ్గుతుంది. దాన్ని సరిచేయాలని నీడిల్ బిగిస్తే మిశ్రమంలో ఇంధనం తగ్గి, అంటే లీన్ అయి, ఇంజన్ మరింత వేడెక్కుతుంది.

ముందు బిగ్ ఎండ్ సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ఇంజన్‌లో ప్రమాదం ఉన్నది అక్కడే. బాల్ బేరింగు పాడైతే శబ్దం చేస్తుంది, హెచ్చరిస్తుంది. రాడ్ తెగితే పిస్టన్, లైనర్, క్రాంక్‌కేస్ మూడూ ఒక్క చుట్టులో పోతాయి.

ఈ తరగతి ఇంజన్లలో క్రాంక్‌పిన్, అంటే బుష్ లోపల తిరిగే పిన్, వ్యాసం సాధారణంగా 5 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. 35,000 ఆర్‌పీఎం దగ్గర దాని ఉపరితలం బుష్ మీద సెకనుకు 9 మీటర్లకు పైగా వేగంతో జారుతుంది. స్ట్రోకు 16.4 మిల్లీమీటర్లు, పిస్టన్, దాన్ని రాడ్‌కు కలిపే గడ్జన్ పిన్, రాడ్ పైభాగం కలిపి 7 గ్రాములు అనుకుంటే, పిస్టన్ పైకి చేరి వెనుదిరిగే క్షణంలో అది రాడ్‌ను పైకి లాగే బలం 980 న్యూటన్ల వరకు వస్తుంది. అంటే దాదాపు 100 కిలోల బలం, 25 చదరపు మిల్లీమీటర్ల బుష్ మీద పడుతుంది. ఈ బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 35,000 నుంచి 40,000కు వెళితే అది 30 శాతం హెచ్చుతుంది.

థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు, పిస్టన్ పైన ఉన్న క్షణంలోనే మండే వాయువుల ఒత్తిడి దాన్ని కిందికి నెడుతుంది, కనుక ఆ రెండు బలాలూ చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పొడవైన స్ట్రెయిట్ చివర మీరు ఒక్కసారిగా థ్రాటిల్ మూసినప్పుడు పరిస్థితి తలకిందులవుతుంది. చక్రాలు క్లచ్ ద్వారా ఇంజన్‌ను ఇంకా వేగంగా తిప్పుతూనే ఉంటాయి, పైనుంచి నెట్టే ఒత్తిడి పోతుంది, లాగే బలం మొత్తం బుష్ కింది అంచు మీదే పడుతుంది. ఇంధనంతో పాటే నూనె వస్తుంది కాబట్టి, కార్బురేటర్ మూసుకున్న ఆ క్షణంలోనే నూనె కూడా దాదాపు ఆగిపోతుంది. బిగ్ ఎండ్ అరుగుదలలో పెద్ద భాగం ఈ కొద్ది క్షణాల్లోనే జరుగుతుందని, తెరిచి చూసిన రాడ్లను బట్టి నేను నమ్ముతున్నాను.

దీనికి మొదటి చికిత్స ఖర్చు లేనిది. లో-స్పీడ్ నీడిల్‌ను, అంటే తక్కువ వేగంలో ఇంధనాన్ని నియంత్రించే సూదిని, లీన్‌గా పెట్టకండి. చాలామంది కార్నర్ నుంచి చురుగ్గా లేవడం కోసం దాన్ని బిగిస్తారు, ఆ చురుకుదనానికి మూల్యం బుష్ చెల్లిస్తుంది. ఇంజన్ బాగా వేడెక్కిన తర్వాత ఐడిలింగ్‌లో ఇంధన గొట్టాన్ని ట్యాంకుకూ కార్బురేటర్‌కూ మధ్య వేళ్లతో నొక్కి పట్టుకోండి. మూడు నాలుగు సెకన్లు నడిచి, వేగం కొద్దిగా పెరిగి ఆగిపోతే మిశ్రమం సరిగా ఉన్నట్టు. నొక్కిన వెంటనే ఆగిపోతే లో-స్పీడ్ నీడిల్ లీన్‌గా ఉన్నట్టు, అంటే థ్రాటిల్ మూసిన ప్రతిసారీ మీ బుష్ పొడిగా తిరుగుతున్నట్టు. కార్బురేటర్ మూసినప్పుడు మిగిలే సందు కూడా చూడండి, 0.5 మిల్లీమీటర్ల కన్నా తక్కువగా ఉంటే కాస్త తెరవండి. గేరింగు మరీ పొట్టిగా ఉండి స్ట్రెయిట్ మధ్యలోనే ఇంజన్ వేగం పతాక స్థాయికి చేరుతుంటే, గేరు ఒక పన్ను మార్చడం వల్ల వచ్చే మేలు ఏ నూనె వల్లా రాదు.

తర్వాతది క్లియరెన్స్. బుష్‌కూ పిన్‌కూ మధ్య సందులోంచి నూనె ప్రవహించే రేటు ఆ సందు ఘనాన్ని బట్టి మారుతుంది. 0.02 మిల్లీమీటర్ల క్లియరెన్స్‌ను 0.03 చేస్తే ప్రవాహం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. నూనె శాతాన్ని ఎంత పెంచినా ఇంత తేడా రాదు. కొత్త రాడ్ చేతికి కాస్త బిగువుగా తగిలితే బాగుందని చాలామంది సంతోషిస్తారు, కానీ అలాంటి బుష్ మొదటి ట్యాంకుల్లోనే వేడెక్కి రంగు మారుతుంది. పిన్ మీద 0.03 నుంచి 0.04 మిల్లీమీటర్ల వరకు వ్యాసపు తేడా ఉండేలా నేను చూస్తాను. తక్కువగా ఉంటే బుష్‌ను రీమర్‌తో గానీ, మెత్తని ల్యాపింగ్ పేస్టు పట్టించిన ఇత్తడి కడ్డీతో గానీ తెరుస్తాను. ల్యాపింగ్ చేశాక బుష్‌ను మిథనాల్‌తో, తర్వాత సబ్బు నీటితో కడిగి, నూలు గుడ్డతో తుడిస్తే గుడ్డ మీద బూడిద రంగు మరక ఏమాత్రం రాకూడదు. కంచులో ఇరుక్కుపోయిన పేస్టు రేణువు పిన్‌ను కోస్తూనే ఉంటుంది. పై హద్దు విషయానికి వస్తే, తేడా 0.07 దాటిన రాడ్‌ను నేను మళ్లీ ఇంజన్‌లో పెట్టను.

పిన్‌ను మైక్రోమీటర్‌తో రెండు దిశల్లో, రెండు చోట్ల కొలవండి. ఎక్కడైనా 0.005 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ తేడా ఉంటే కొత్త బుష్ కూడా నిలవదు. పిన్ మీద గీతలు వేలి గోరుకు తగులుతుంటే క్రాంక్‌షాఫ్టునే మార్చాలి. గీతలు లేకపోతే చుట్టూ తిరిగే దిశలో మెత్తగా పాలిష్ చేయండి, పొడవునా రుద్దకండి.

రాడ్‌లో నూనె రంధ్రం ఎక్కడ ఉండాలన్నది ఎక్కువ వాదాలు జరిగే విషయం. పిస్టన్ లాగినప్పుడు బుష్ కింది అంచు, మంట నెట్టినప్పుడు బుష్ పై అంచు పిన్‌కు ఒత్తుకుంటాయి. కాబట్టి రాడ్ నిలువు గీత మీద, సరిగ్గా అడుగున వేసిన రంధ్రం నూనెను తీసుకోవడానికి బదులు, ఒత్తిడి ఎక్కువగా ఉన్న చోట నూనె పొరను తెగ్గొడుతుంది. నిలువు గీతకు 45 నుంచి 60 డిగ్రీల పక్కగా, పిన్ తిరుగుతూ నూనెను ఒత్తిడి ప్రాంతంలోకి లాక్కుపోయే వైపున, 1 మిల్లీమీటరు రంధ్రం ఉంటే మంచిది. తయారీదారు ఇప్పటికే పక్కగా రంధ్రాలో చీలికలో ఇచ్చి ఉంటే కొత్తవి వేయకండి. అల్యూమినియం రాడ్‌లో ప్రతి రంధ్రమూ పగులు మొదలయ్యే చోటే. వేయక తప్పకపోతే లోపలి అంచున బర్ (గరుకు లోహపు అంచు) లేకుండా చిన్న వాలు ఇచ్చి, బయటి అంచును భూతద్దం కింద చూస్తూ నునుపు చేయండి. బుష్ రెండు ముఖాల లోపలి అంచుల మీద కూడా ఒక సన్నని వాలు ఉండాలి. క్రాంక్ వెబ్ (క్రాంక్‌షాఫ్టులో పిన్‌ను మోసే భాగం) నుంచి విసిరిన నూనె పక్కనుంచి లోపలికి పోయేది ఆ వాలు గుండానే. చాలా రాడ్లలో అక్కడ పదునైన అంచు ఉంటుంది, అది నూనెను లోపలికి పోనివ్వకుండా తుడిచేస్తుంది.

పాత రాడ్‌ను పారేయకముందు బుష్ లోపల ఒకసారి టార్చి వేసి చూడండి. మెరిసే అరుగుదల కింది అర్ధభాగంలో ఉంటే అది వేగం వల్ల, థ్రాటిల్ మూసినప్పటి కరువు వల్ల వచ్చింది. పై అర్ధభాగంలో ఉంటే మంట ముందుగా అంటుకుంటోంది, ప్లగ్ మరీ వేడిది కావచ్చు, హెడ్ కింద షిమ్ (పలచని వాషరు) తక్కువ కావచ్చు, మిశ్రమం లీన్ కావచ్చు. అరుగుదల ముందు వైపో వెనుక వైపో ఒక అంచుకు మాత్రమే ఉంటే రాడ్ వంగింది, లేదా పిన్ సమాంతరంగా లేదు. మూడు సందర్భాల్లోనూ చేయవలసిన పని వేరు, కాబట్టి ఈ పరీక్ష చేయకుండా కొత్త రాడ్ వేయకండి.

ఇక ముందు బేరింగు. ఈ సైజు ఇంజన్లలో ఇది తరచుగా 7×19×6 మిల్లీమీటర్లది, బయటి వైపు రబ్బరు సీలు ఉంటుంది. క్రాంక్‌కేస్‌లో ప్రతి చుట్టుకూ పెరిగి తగ్గే ఒత్తిడి, షాఫ్టుకూ కేస్‌కూ మధ్య ఉన్న సన్నని సందులోంచి నూనెను ముందుకు నెడుతుంది. అలా వచ్చిన నూనె సీలు వెనుక చిక్కుకుని, అక్కడే తిరుగుతూ, వేడెక్కుతూ ఉంటుంది. దానిలో ఆముదం ఎక్కువగా ఉంటే గోధుమ రంగు వార్నిష్‌గా గోళీలకు పట్టుకుంటుంది. కొందరు సీలు పీకేస్తారు, అప్పుడు నూనె కదులుతుంది నిజమే గానీ గాలి లోపలికి పోయి ఐడిలింగ్ నిలకడ తప్పుతుంది, ట్రాక్ మీది దుమ్ము నేరుగా బేరింగులోకి చేరుతుంది. కారులో ఆ పని చేయవద్దు.

సరైన మార్గం, కొందరు తయారీదారులు తామే చేసేది, ముందు బేరింగు గూటి నుంచి కార్బురేటర్ కింది ఇన్‌టేక్ వైపుకు కేస్ గోడలో ఒక సన్నని గాడి ఇవ్వడం. ఇన్‌టేక్‌లో ఒత్తిడి తక్కువ కాబట్టి సీలు వెనుక చేరిన నూనె ఆ గాడి గుండా వెనక్కి లాగబడి, మళ్లీ మిశ్రమంలో కలిసి ఇంజన్‌లోకి పోతుంది. అప్పుడు నూనె నిలవ ఉండదు, బేరింగు గుండా నడుస్తుంది. మీ కేస్‌లో ఈ గాడి లేకపోతే 1 మిల్లీమీటరు వెడల్పు, 0.3 మిల్లీమీటర్ల లోతు చాలు. దాన్ని ఇన్‌టేక్ రంధ్రం ముందు అంచు దగ్గరే ఆపాలి. వెనుక వైపుకు, అంటే క్రాంక్‌కేస్ వైపుకు సాగదీస్తే క్రాంక్‌షాఫ్టులోని ఇన్‌టేక్ వాల్వు మూసుకోవలసిన సమయంలో కూడా తెరిచి ఉన్నట్టే అవుతుంది, ఇంజన్ స్టార్టు కావడమే కష్టమవుతుంది. చేతిలో ఇటువంటి పని చేసిన అనుభవం లేకపోతే దీన్ని టూల్‌రూంలో పని తెలిసినవారికి ఇవ్వండి, గాడి ఎక్కువ లోతు పోతే తిరిగి పూడ్చలేము.

వెనుక బేరింగు దగ్గరికి వద్దాం. మీరు రెండుసార్లు మార్చారన్నారు గానీ తీసినవి ఎలా ఉన్నాయో చెప్పలేదు. తీసిన బేరింగును పెట్రోలుతో కడిగి ఆరబెట్టండి, కంప్రెసర్ గాలితో గిర్రున తిప్పకండి, పొడిగా అంత వేగంతో తిరిగితే మంచి బేరింగు కూడా ఆ క్షణంలోనే పాడవుతుంది. ఔటర్ రేసును పట్టుకుని, ఇన్నర్ రేసును వేలితో కొద్దిగా పక్కకు నొక్కుతూ నెమ్మదిగా తిప్పండి. ప్రతి చుట్టులోనూ ఒకే చోట గరగర తగిలితే రేసులో గుంట పడింది. ఎక్కడెక్కడో తగులుతుంటే లోపల దుమ్ము ఉంది, లేదా ఒక గోళీ చెడింది. తర్వాత భూతద్దంతో చూడండి. గోళీల మధ్య దూరానికి సరిపోయే ఎడంలో రేసు మీద నల్లని చుక్కలు కనబడితే, ఇంజన్ కదలకుండా ఉన్నప్పుడు గోళీలు ఆనుకున్న చోట్ల తుప్పు పట్టిందని అర్థం, నడుస్తున్నప్పుడు జరిగిన నష్టం కాదది. రేసు అంతటా బూడిద రంగు మసక ఉంటే ఎయిర్ ఫిల్టర్ గుండా దుమ్ము పోతోంది. నీలం లేదా ముదురు గడ్డి రంగు ఉంటే వేడి, అంటే లోపలి క్లియరెన్స్ చాలలేదు. గోళీలు నడిచిన దారి రేసు మధ్యలో ఉండకుండా ఒక పక్కకు జరిగి ఉంటే రెండు బేరింగులూ ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి.

ఈ చివరిది చాలా తరచుగా కనిపించే లోపం, నూనెతో నయం కానిది కూడా. ముందు బేరింగు తన గూటిలో అడుగు వరకు కూర్చోకపోతే, ఫ్లైవీల్ నట్ బిగించినప్పుడు షాఫ్టు ముందుకు లాగబడి వెనుక బేరింగు మీద ఎడతెగని పక్క ఒత్తిడి పడుతుంది. పరీక్ష సులువు. పిస్టన్, రాడ్ లేకుండా షాఫ్టు, ఫ్లైవీల్ బిగించి, ఫ్లైవీల్‌ను ముందుకు వెనక్కి కదపండి. చేతికి తెలిసీ తెలియనంత కదలిక ఉండాలి, వేలితో తిప్పి వదిలితే షాఫ్టు నెమ్మదిగా తనంతట తాను ఆగాలి. చప్పున ఆగిపోతే కేస్‌ను ఓవెన్‌లో 120 నుంచి 150 డిగ్రీల వరకు వేడి చేసి, షాఫ్టు ముందు కొసను చెక్క దిమ్మ మీద తట్టి, బేరింగులను మళ్లీ సరిగా కూర్చోబెట్టండి. మంటతో వేడి చేయకండి, కేస్ ఒక పక్క వంకర పోతుంది.

కేస్ అల్యూమినియం, బేరింగు ఉక్కు అన్న సంగతి కూడా మరవకూడదు. వెనుక బేరింగు బయటి వ్యాసం 25.4 మిల్లీమీటర్లు అనుకుంటే, కేస్ 80 డిగ్రీలు వేడెక్కేసరికి గూడు బేరింగు కన్నా 0.022 మిల్లీమీటర్లు ఎక్కువగా పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ మేరకు బిగువు లేకపోతే వేడిలో ఔటర్ రేసు గూటిలోనే తిరగడం మొదలుపెడుతుంది, బేరింగు బయటి ఉపరితలం అద్దంలా మెరుస్తుంటే అదే గుర్తు. ఇలా బిగువుగా వేసిన బేరింగులో లోపలి సందు తగ్గిపోతుంది కాబట్టి సీ3 క్లియరెన్స్, అంటే సాధారణం కన్నా ఎక్కువ లోపలి సందు, ఉన్నదే వాడాలి. 14 మిల్లీమీటర్ల బోరుకు సాధారణ క్లియరెన్స్ 3 నుంచి 18 మైక్రాన్లు, సీ3లో 11 నుంచి 25 మైక్రాన్లు. సాధారణ రకంలో కింది హద్దుకు దగ్గరగా ఉన్న బేరింగు మీ చేతికి వస్తే, నడుస్తున్నప్పుడు గోళీలకు కదలడానికి చోటే మిగలకపోవచ్చు. మార్కెట్లో అదే సైజులో దొరికే చవక బేరింగులకూ, ఇంజన్ కోసం ఇచ్చే బేరింగులకూ తేడా చాలావరకు ఇక్కడా, గోళీలను ఎడంగా పట్టి ఉంచే చట్రమైన కేజ్ దగ్గరా ఉంటుంది. రేకుతో చేసి రివెట్లు కొట్టిన కేజ్ 40,000 ఆర్‌పీఎం దగ్గర నిలవదు, పాలిమైడ్ లేదా ఫినాలిక్ కేజ్ ఉన్నదే తీసుకోండి.

సిరామిక్ గురించి అడిగారు. సిలికాన్ నైట్రైడ్ గోళీ సాంద్రత 3.2, ఉక్కుది 7.8. గోళీ తేలిక కావడం వల్ల అది ఔటర్ రేసును నొక్కే బలం సగం కన్నా తగ్గుతుంది, నూనె పొర క్షణకాలం తెగినా గోళీ రేసుకు అతుక్కోదు, గోళీకి తుప్పు పట్టదు. ఇవన్నీ నిజమైన లాభాలే. అయితే రేసులు మామూలు బేరింగు ఉక్కువే అయితే వాటికి తుప్పు పడుతూనే ఉంటుంది, పక్క ఒత్తిడి ఉంటే ఆ ఖరీదైన బేరింగు కూడా పోతుంది. బిగింపు, నిల్వ రెండూ సరిచేసుకున్న తర్వాత స్టెయిన్‌లెస్ రేసులున్న సిరామిక్ బేరింగు వేస్తే డబ్బుకు తగిన ఫలితం వస్తుంది. గ్రీజు మాత్రం వద్దు. 14 మిల్లీమీటర్ల బోరు, 40,000 ఆర్‌పీఎం అన్నది అలాంటి బేరింగులకు గ్రీజుతో అనుమతించే వేగానికి పైనే ఉంది. పైగా లోపలికి వచ్చే మిథనాల్, నూనె కలిసి గ్రీజును కొద్దిసేపట్లోనే కడిగేస్తాయి, మిగిలిన చిక్కని పదార్థం కేజ్ పాకెట్లలో కూరుకుని నూనె దారికి అడ్డం పడుతుంది.

ఇప్పుడు నూనె. మిథనాల్‌లో మామూలు మినరల్ ఆయిల్ కరగదు, అందుకే ఈ ఇంజన్లలో ఆముదం, లేదా పాలీగ్లైకాల్, ఎస్టర్ తరహా సింథటిక్ నూనెలు వాడతారు. ఆముదంలో దాదాపు 90 శాతం ఉండే రిసినోలిక్ ఆమ్లం లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుంటుంది. థ్రాటిల్ మూసిన క్షణంలో నూనె రాక ఆగినా బుష్ మీద ఒక పొర మిగిలేది దాని వల్లే. సింథటిక్ నూనె శుభ్రంగా ఉంటుంది, బాల్ బేరింగుల్లో వార్నిష్ కట్టదు, కానీ చాలా రకాలు తుప్పును బాగా ఆపలేవు. మీ వాడకానికి 12 శాతం నూనె, అందులో మూడో వంతు ఆముదం, మిగతాది సింథటిక్ ఉంటే సరిపోతుందని నా అభిప్రాయం. తీగకు కట్టి గుండ్రంగా ఎగురవేసే మోడల్ విమానాల అంతర్జాతీయ ఎఫ్2ఏ స్పీడ్ పోటీల్లో 2.5 సీసీ ఇంజన్లకు 80 శాతం మిథనాల్, 20 శాతం ఆముదం ఇస్తారు కదా అని కొందరు అంటారు. అది అందరికీ సమానంగా ఉండాలని పెట్టిన నియమం. అక్కడ ఇంజన్ ఒక్కసారి వేగం అందుకున్నాక అదే వేగంతో కొద్దిసేపు నడిచి ఆగిపోతుంది, కారులోలా క్షణక్షణం థ్రాటిల్ మూసి తెరవడం ఉండదు.

ఆముదం మన దగ్గర సులువుగా దొరుకుతుంది, తెలంగాణలో పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో పండే పంటే. కానీ గింజలను వేయించి నీటిలో ఉడికించి తీసిన వంటాముదం ఇంజన్‌కు పనికిరాదు, దానిలో తేమ, జిగురు ఉంటాయి. మొదటి పిండుబడిలో వచ్చి, జిగురు తీసి శుద్ధి చేసిన రకం కావాలి. మిథనాల్‌లో కలిపి గాజు సీసాలో రాత్రంతా ఉంచితే అడుగున ఏదీ పేరుకోకూడదు. కలిపేటప్పుడు శాతం బరువులోనా, పరిమాణంలోనా అన్నది కూడా స్పష్టం చేసుకోండి. ఆముదం సాంద్రత 0.96, మిథనాల్‌ది 0.79, కనుక పరిమాణంలో 10 శాతం ఆముదం కలిపితే బరువులో అది దాదాపు 12 శాతం అవుతుంది. నూనె తగ్గిందనో పెరిగిందనో సాగే కొన్ని వాదాలకు మూలం ఈ తేడాయే.

ఇంజన్ చల్లగా ఉన్నప్పటి సంగతి తక్కువమంది ఆలోచిస్తారు. మిథనాల్ 64.7 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కేస్ అంతకన్నా చల్లగా ఉంటే బేరింగుకు చేరేది నూనె కాదు, మిథనాల్‌లో కరిగి నీళ్లలా పలచబడిన ద్రవం. కేస్ వేడెక్కాకే మిథనాల్ ఆవిరై చిక్కని నూనె లోహం మీద మిగులుతుంది. అందుకే స్టార్టు చేయకముందు హీటర్‌తో ఇంజన్‌ను 70 డిగ్రీల పైకి తెచ్చుకోండి, లేకపోతే కనీసం మొదటి రెండు నిమిషాలు వేగం పెంచకండి. పిస్టన్, లైనర్ల మేలు కోసం ఈ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు, బిగ్ ఎండ్‌కు దక్కే మేలు అంతకన్నా తక్కువేమీ కాదు.

చివరిగా తుప్పు. నా దగ్గరికి వచ్చే ఇంజన్లలో వెనుక బేరింగులను ఎక్కువగా చంపేది ఇదే. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఇంధనంలో కలిపే నైట్రోమీథేన్ మండితే వచ్చే ఆమ్లాల జాడలు ఆ తేమలో కలిసి ఉక్కును తింటాయి. విశాఖ, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో ఉండేవారికి ఒక్క రాత్రి నిర్లక్ష్యం చాలు. పోటీ అయ్యాక ట్యాంకును ఖాళీ చేసి, ఇంజన్‌ను మళ్లీ స్టార్టు చేసి గొట్టంలో మిగిలిన ఇంధనం కాలిపోయే వరకు ఐడిలింగ్‌లో నడపండి. అది వేడిగా ఉండగానే ప్లగ్ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, కార్బురేటర్‌లో నాలుగైదు చుక్కలు, ప్లగ్ రంధ్రంలో రెండు చుక్కలు ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వేయండి. కుట్టుమిషను నూనె కూడా పనికివస్తుంది, అయితే కార్బురేటర్‌లో సిలికాన్ ఓ-రింగులు ఉంటే ఈ మినరల్ నూనెలతో అవి ఉబ్బుతాయి. అప్పుడు కార్బురేటర్‌ను ఊడదీసి, దాని కింది రంధ్రం నుంచి నేరుగా క్రాంక్‌షాఫ్టులోకి వేయండి. ఇంజన్‌ను ముందు వైపు కిందికి వంచి చేత్తో కొన్ని చుట్లు తిప్పండి, తర్వాత వెనుక వైపు కిందికి వంచి మళ్లీ తిప్పండి, ఒకే భంగిమలో తిప్పితే ముందు బేరింగుకు నూనె చేరదు. పిస్టన్‌ను కింది కొసలో ఉంచి, కార్బురేటర్, ఎగ్జాస్టు రంధ్రాలు మూసి, సిలికా జెల్ పొట్లం వేసిన గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. పది రోజులకు మించి వాడకపోతే డబ్బా తెరిచి, ఫ్లైవీల్‌ను పావు చుట్టు తిప్పి మళ్లీ మూసేయండి. గోళీలు ఆనుకునే చోటు మారుతుంది, రేసు మీద వరుసగా చుక్కలు పడవు.